ఎనిమిది వారాంతాల జపాన్ వైన్ లెక్క

సెప్టెంబరు 14, 2024, శనివారం

ఈ శరదృతువులో వారాంతాలకు జపాన్ వైన్ మాత్రమే తేవాలని, తెరిచిన ప్రతి సీసా గురించీ నోటుపుస్తకంలో రాసుకోవాలని నిర్ణయించుకున్నాను. నియమాలు మూడే. సీసా ధర 2,500 యెన్లు దాటకూడదు. శనివారం తెరిచినదాన్ని ఇద్దరం కలిసి ఆదివారం రాత్రికి పూర్తిచేయాలి. ఆ రోజు ఇంట్లో ఏది వండితే దానితోనే తాగాలి. మేముండేది టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయిలో కాబట్టి కందిపప్పుకూ కరివేపాకుకూ కొదవ లేదు. అందువల్ల ఈ మూడో నియమమే అన్నిటికంటే కష్టమవుతుందని అప్పుడే అనుమానం వచ్చింది.

మొదటి సీసాతోనే బోల్తా పడ్డాను. సూపర్ మార్కెట్లో 600 యెన్లకు, జపాన్‌లో తయారైందన్న మాట చూసి తెచ్చాను. బెల్లం తక్కువైన ద్రాక్ష పానకంలా ఉంది. తరువాత ఫోను కెమెరాతో లేబుల్ చదివిస్తే సంగతి తెలిసింది. విదేశాల నుంచి తెచ్చిన చిక్కటి ద్రాక్షరసానికి నీళ్ళు కలిపి ఇక్కడ పులియబెట్టిన సరుకు అది. మోసమేమీ లేదు, లేబుల్ మీదే రాసి ఉంది. చదవలేకపోవడం నా తప్పు.

2018 అక్టోబరు 30 నుంచి ఇక్కడ నిబంధన స్పష్టంగా ఉంది. జపాన్‌లో పండిన ద్రాక్షతో జపాన్‌లోనే తయారైతేనే ‘నిహోన్ వైన్’ అని రాసుకోవచ్చు. దిగుమతి రసంతో చేసినది ‘కొకునై సెయిజో’, అంటే దేశంలో తయారైనది మాత్రమే. నిహోన్ వైన్ మీద ఊరి పేరు, ద్రాక్ష రకం, పంట ఏడాది వేయాలంటే ఒక్కొక్కదానికీ కనీసం 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. చైనా లిపి నుంచి వచ్చిన కాంజీ అక్షరాలు చదవడం రానివాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: నిహోన్ అన్న రెండు కాంజీలు, వాటి వెంట విదేశీ మాటలు రాసే కతకానా లిపిలో వైన్ అన్న మూడు అక్షరాలు. ఆ ఐదూ లేని సీసాను అరలోనే వదిలేయడం మంచిది.

సెప్టెంబరు 21

సగం నెల గడిచినా ఎండ తగ్గలేదు. మద్యం దుకాణం పెద్దాయన నన్ను మొదట బియ్యంతో చేసే సాకే మద్యం అర వైపు లాక్కెళ్ళాడు. చలికాలంలో చేసి, ఒక్కసారి వేడిచేసి, వేసవంతా నిల్వ ఉంచి, రెండోసారి వేడిచేయకుండా ఈ రోజుల్లో బయటికి తెచ్చే సాకేను హియాఒరోషి అంటారు. శరదృతువంటే అదేనని ఆయన వాదన. కాదనలేను. కానీ అది బియ్యం కథ, నా నోటుపుస్తకం ద్రాక్షది. చివరికి యమనాషి రాష్ట్రపు కోషూ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ ఒకటి, 1,900 యెన్లకు తీసుకున్నాను. మూత తిప్పి తీసేదే, బిరడా గొడవ లేదు. ఆల్కహాలు 11.5 శాతం.

ఫ్రిజ్‌లో నుంచి తీసి వెంటనే పోసుకున్నాం. రుచి చూసి మా ఆవిడ అన్న మాట: ‘‘నిమ్మకాయ కడిగిన నీళ్ళలా ఉంది.’’ అదే రాసుకున్నాను. ఆ రోజు కూర చేపల పులుసు. చింతపండు, మిరపకారం ముందు కోషూ నోరెత్తలేదు. సగం సీసా మిగిలిపోయింది.

ఆదివారం సాయంత్రం ఆ మిగిలిన సగంతోనే ఒక పరీక్ష చేశాను. వంటింట్లో పాలకు వాడే థర్మామీటరు ఉంది. ఒకే సీసా నుంచి మూడు గ్లాసులు పోసి, ఒకటి ఆరు డిగ్రీల దగ్గర, ఒకటి పది దగ్గర, ఒకటి పద్నాలుగు దగ్గర రుచి చూశాను. ఆరు దగ్గర మళ్ళీ అదే నిమ్మ నీళ్ళు. పది దగ్గర ముక్కు ముందు ఏదో కదిలింది. మొదట పోల్చుకోలేకపోయాను, తరువాత పట్టుకున్నాను: దబ్బపండు తొక్క. ఇక్కడివాళ్ళు యుజు వాసన అంటారు, నాకు మాత్రం అమ్మమ్మ ఇంట్లో దబ్బకాయ ఊరగాయకు ముక్కలు కోసిన కత్తిపీట గుర్తొచ్చింది. పద్నాలుగు దగ్గర ఆ వాసన పలచబడి, చివర్లో పచ్చి జామ తొక్క కొరికినట్టు సన్నని వగరు మిగిలింది. వారం రోజులు దుకాణాన్ని తిట్టుకోవలసిన పని లేదు, ఫ్రిజ్‌నే తిట్టుకోవాలి. అప్పటి నుంచి పద్ధతి ఇది: తాగే ముందు అరగంట సీసా బయట పెట్టాలి, ఎండాకాలంలాంటి ఇలాంటి రోజైతే పావుగంట.

సెప్టెంబరు 28

రెండో కోషూ. ఈసారి సుర్ లీ పద్ధతిలో చేసినది, 2,100 యెన్లు. పులియడం అయ్యాక అడుగున దిగిన ఈస్టు మడ్డిని తీసేయకుండా కొన్ని నెలలు వైన్‌ను దాని మీదే ఉంచుతారు. కోషూ పుట్టుకతోనే పలచన, ఈ మడ్డి వల్ల దానికి కాస్త ఒళ్ళు వస్తుంది. గంజి తేటకూ గంజికీ ఉన్నంత తేడా.

తోడుగా సన్మా చేప. ఉప్పు రాసి కాల్చి, సుదాచి అనే నిమ్మజాతి కాయ పిండుకుని తినే శరదృతువు చేప ఇది. వైన్‌లో ఇనుము ఎక్కువుంటే చేప కొవ్వుతో కలిసి నోట్లో నీచు వాసన లేస్తుంది. కోషూతో ఆ బాధ కనిపించలేదు. ఇద్దరం మాట్లాడకుండా చెరో చేప ముళ్ళతో సహా ముగించాం. ఈ ఎనిమిది వారాల్లో మొదటి గెలుపు.

అక్టోబరు 5

మస్కట్ బెయిలీ ఏ అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్, 1,800 యెన్లు. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే స్ట్రాబెరీ బిళ్ళ వాసన. ఫ్యూరనియోల్ అనే పదార్థం చేసే పని అది, స్ట్రాబెరీలోనూ అదే ఉంటుంది. వాసన తీపి, రుచిలో తీపి లేదు. ఈ వైరుధ్యం కొందరికి నచ్చదు, నాకూ మొదటి గ్లాసు నచ్చలేదు.

దీన్ని పుట్టించిన మనిషి కథ తెలిశాక రెండో గ్లాసు పోసుకున్నాను. నీగత రాష్ట్రంలో భారీ హిమపాతం పడే ప్రాంతపు భూస్వామి కవకామి జెన్‌బే. 1890లో ఇవనోహరా తోట మొదలుపెట్టాడు. యూరప్ తీగలు ఆ తేమకు తట్టుకోలేవని గ్రహించి సంకరాలు చేశాడు, పదివేలకు పైగా. వాటిలో 22 రకాలు ఎంచుకున్నాడు. 1927లో బెయిలీని మస్కట్ హాంబర్గ్‌తో కలిపితే పుట్టినది ఇది. పులిసేటప్పుడు వేడెక్కకుండా చల్లబరచడానికి చలికాలపు మంచునే గోదాములో దాచి వాడుకున్నాడట. ఎంత పట్టుదల మనిషి!

మా ఇంట్లో ఆ రోజు గుత్తివంకాయ. వేరుశనగ పొడి, కాస్త బెల్లం, కారం మామూలులో సగం. బెయిలీ ఏ దానితో కుదిరింది. సోయా, చక్కెర పడే జపాన్ వంటలతో ఇది బాగుంటుందంటారు, బెల్లం పడ్డ మన కూరతో కుదరడానికీ కారణం అదే కావచ్చు. పద్నాలుగు డిగ్రీల దగ్గర తాగాం. గోంగూరతో కూడా ప్రయత్నించాను. ఆ ముచ్చట వద్దు.

అక్టోబరు 12

దసరా. సీసా తెరవలేదు.

అక్టోబరు 19

యమనాషిలో ద్రాక్షతోటల ఊరు కత్సునుమాకు వెళ్ళాం. టోక్యోలోని షింజుకులో కైజి అనే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే సుమారు గంటన్నర, కానీ అన్ని కైజిలూ కత్సునుమా బుదోక్యో స్టేషన్లో ఆగవు. ముందే చూసుకోవాలి, లేదంటే ఓత్సుకిలో దిగి ఆగుతూ పోయే బండి పట్టుకోవాలి. కారులో వెళ్ళే ఆలోచనే వద్దు. తాగి నడిపితే ఇక్కడ నడిపినవాడితోపాటు, తాగాడని తెలిసీ తీసుకెళ్ళమని అడిగి పక్కన కూర్చున్నవాడికీ శిక్ష. కోతల కాలం కాబట్టి వైనరీలకు ముందుగా చెప్పి వెళ్ళడం మర్యాద.

స్టేషన్ కొండ అంచున ఉంది. కింద కోఫు పల్లమంతా ద్రాక్ష పందిళ్ళు. ఫోటోల్లో చూసే ఫ్రాన్స్ తోటల్లా కంచెల వరుసలు కావు, అచ్చమైన పందిళ్ళు. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పటి అనాబెషాహి తోటలు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆకుల కింద తల వంచుకుని నడవాలి. వానకు తడవకుండా ఒక్కో గుత్తికీ మైనపు కాగితంతో చిన్న గొడుగు తొడుగుతారు. ఒక తోట రైతు గొడుగు ఒకటి తీసి చూపించాడు. లోపల కోషూ గుత్తి, ఉల్లిపొర రంగు. తెల్ల వైన్ ఇస్తుంది కదా, పచ్చగా ఉంటుందనుకున్నాను. ఒక గింజ చేతిలో పెట్టాడు. తొక్క మందం, లోపల తీపి, నమిలితే ఆ జామ తొక్క వగరే. పద్నాలుగు డిగ్రీల గ్లాసులో చివర మిగిలినది ఇదే.

1877లో ఈ ఊరి నుంచి తకానో మసనారి, త్సుచియా ర్యూకెన్ అనే ఇద్దరు యువకులు వైన్ నేర్చుకోవడానికి ఫ్రాన్స్ వెళ్ళారు. అంతకు ఎంతో ముందు నుంచీ ద్రాక్ష ఇక్కడ ఉంది. దైజెన్‌జి ఆలయంలో చేతిలో ద్రాక్ష గుత్తి పట్టుకున్న వైద్య బుద్ధుడు కొలువై ఉన్నాడు. ఆలయాన్ని 718లో స్థాపించారని చెబుతారు. మా ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చుంది, నేను మాత్రం కొండ మీది బుదోనో ఓకా అనే వైన్ కేంద్రానికి తొందరపెట్టాను. అక్కడ నేలమాళిగలో ఒక చిన్న లోహపు గిన్నె కొనుక్కుంటే, వరుసగా పేర్చిన సీసాల నుంచి మనమే పోసుకుని రుచి చూడవచ్చు. నా సలహా: ముందు కడుపునిండా తినండి, పది రకాల దగ్గర ఆపండి. పన్నెండో దాని తరువాత నా రాతలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

ఊళ్ళో భోజనం దగ్గర పక్క బల్లవాళ్ళు 1.8 లీటర్ల సాకే సీసాలో నుంచి వైన్ పోసుకుంటున్నారు, అదీ టీ తాగే పింగాణీ కప్పుల్లో. యమనాషిలో పాత అలవాటేనట. కాడ ఉన్న గ్లాసు కొనాలా వద్దా అని నెల రోజులుగా ఆలోచిస్తున్న నాకు సిగ్గేసింది. పాత రైలు మార్గపు ఇటుక సొరంగాన్ని ఇప్పుడు వైన్ దాచే గోదాముగా వాడుతున్నారు. 1903లో రైలు వచ్చిన దారి అది, కిలోమీటరుకు పైగా పొడవు. లోపలికి అడుగు పెడితే బావిలో తల పెట్టినంత చల్లదనం.

రెండు సీసాలు కొన్నాం, రెండూ 2,500 లోపే.

అక్టోబరు 26

ఆ రెండింటిలో ఒకటి తెరిచాం. కోషూనే, కానీ తొక్కలతో కలిపి పులియబెట్టినది. రంగు పలచటి టీ డికాక్షన్. వగరు ముందుకొచ్చింది, దబ్బపండు వెనక్కి వెళ్ళింది. నూనె ఎక్కువ పడిన బెండకాయ వేపుడు, ముద్దపప్పు, నెయ్యి. ఇంతవరకూ మా వంటకు ఇంత దగ్గరగా వచ్చిన సీసా లేదు. పప్పు నెయ్యి జిడ్డును ఆ వగరు కోసేస్తుంది. చల్లగా వద్దు, పన్నెండు డిగ్రీల దగ్గర బాగుంది. మొదటి కోషూను నిమ్మ నీళ్ళన్న మనిషే రెండోసారి గ్లాసు జరిపింది. దాన్ని ఎర్ర సిరాతో రాసుకున్నాను.

హొక్కైదోలోని యొయిచి నుంచి వచ్చిన, కెర్నర్ అనే ద్రాక్షతో చేసిన వైన్ సీసా ఒకటి దుకాణంలో చూశాను. 2,800 యెన్లు. నియమం నియమమే.

నవంబరు 3, ఆదివారం

ఫ్రాన్స్‌లోని బోజోలే కొత్త వైన్ నవంబరు మూడో గురువారం వస్తుంది. యమనాషి కొత్త వైన్ దానికంటే ముందే, ఏటా నవంబరు 3న విడుదలవుతుంది. కోషూ, బెయిలీ ఏ, ఆ ఏడాది పంటవి. సెప్టెంబరు నుంచి నా లెక్కంతా ఈ రోజు కోసమే. పొద్దున దుకాణం తెరిచేసరికి గుమ్మం ముందున్నాను. రెండిట్లో ఒక్కొక్కటి తీసుకుని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను.

‘‘ఏమండీ, నిన్నటి నుంచి కార్తీకం.’’

నిజమే. నెల రోజులు చేప లేదు, గుడ్డు లేదు, సీసా అసలే లేదు. రేపు మొదటి సోమవారం, ఉపవాసం కూడా. ఎనిమిది వారాల ప్రణాళికలో డిగ్రీలు, ధరలు, రైళ్ళ వేళలు అన్నీ చూసుకున్నాను, పంచాంగం తప్ప. కొత్త వైన్ తాజాగా ఉన్నప్పుడే బాగుంటుందని నసిగాను. ఆవిడ దీపాలకు వత్తులు చేసుకుంటూ తల ఎత్తలేదు.

కోషూ కింది అంతస్తులోని మిత్రుడికి ఇచ్చేశాను. పది డిగ్రీలని రెండుసార్లు చెప్పాను. రాత్రి అతని నుంచి ఫోనులో సందేశం వచ్చింది: ‘‘ఐసు వేసుకుని తాగాం, సూపర్.’’ బెయిలీ ఏ ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నె వెనక ఉంది. లేబుల్ మీద పెన్సిల్‌తో ‘పోలి పాడ్యమి, డిసెంబరు 2’ అని రాసి పెట్టాను. పడుకునే ముందు చూస్తే ఆ తేదీ కొట్టేసి ఉంది, పక్కన ఆవిడ రాత: ‘‘2 సోమవారం. 7 అయితేనే శనివారం. మీరు పెట్టిన నియమమే కదా.’’