కాట్‌బుస్‌లో ఆ రాత్రి

గత నవంబరులో, జర్మనీలోని కాట్‌బుస్‌లో, వానలో, నా సైకిల్ ముందు చక్రం ట్రామ్ పట్టాలో ఇరుక్కుంది. ఎగిరి ఫుట్‌పాత్ అంచు మీద పడ్డాను. నడుం దగ్గర వెన్నుపూస పగిలింది. ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు.

ఆ తర్వాత రెండో రాత్రి మాత్రం మరిచిపోలేను. ఎడమ పాదం నాది కానట్టు పడి ఉంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ వచ్చి సూదితో అరికాలు గుచ్చి, నర్సు వైపు తిరిగి జర్మన్‌లో అన్నాడు: "ఈ కాలు ఇక కష్టమే." నాకు జర్మన్ రాదనుకున్నాడు. తెల్లారేదాకా బొటనవేలినే చూస్తూ పడుకున్నాను. అమ్మకు ఫోన్ చేయలేదు, ఏమని చెప్పను?

పొద్దున ఫిజియో ఆవిడ వచ్చి క్రిస్టినా ఫోగెల్ పేరు చెప్పింది. కిర్గిజ్‌స్తాన్‌లో పుట్టి, జర్మనీలో పెరిగిన ట్రాక్ సైక్లిస్టు. 2009లో వ్యాన్ గుద్ది రెండు రోజులు కోమాలో ఉంది, మూడేళ్లకు లండన్‌లో ఒలింపిక్ స్వర్ణం. రియో ఫైనల్లో సీటు ఊడిపోయినా గెలిచింది. 11 ప్రపంచ టైటిళ్లు. 2018 జూన్ 26న మా కాట్‌బుస్ ట్రాక్ మీదే, ప్రాక్టీసులో ఇంకో సైక్లిస్టును ఢీకొని పడింది. ఛాతీ దగ్గర ఏడో పూస వద్ద వెన్నుపాము తెగింది. నేను రోజూ ఆ ట్రాక్ పక్క నుంచే కాలేజీకి వెళ్లేవాణ్ని!

ముందు కోపం వచ్చింది. నడవలేని మనిషి కథ ఇప్పుడు నాకెందుకు, నాదీ అంతేననా? తర్వాత ఆమె ఇంటర్వ్యూలు చదివాను. పడగానే తన బూట్లు తీసుకెళ్తుంటే చూసిందట, కానీ తీసినట్టే తెలియలేదట. నడక పోయిందని అప్పుడే అర్థమైందట. ఆ సంగతి ఆమె ఎక్కడా దాచలేదు. ఏడాది తిరక్కుండా ఎర్ఫుర్ట్ నగర కౌన్సిల్‌కు ఎన్నికైంది. నాకు నిజం చెప్పినందుకు బాధ లేదు. నా ముఖం చూడకుండా, నా తల మీదుగా అన్నందుకే ఆ డాక్టర్ మీద కోపం ఇంకా పోలేదు.

తొమ్మిదో రోజు బొటనవేలు కదిలింది. అమ్మ కనకదుర్గమ్మకు మొక్కుకున్న రోజూ అదేనంటుంది. నేను కాదనను. రోజూ గంటసేపు ఆ పాదం పట్టుకుని కూర్చున్న ఫిజియో ఆవిడకు కూడా దండం పెడతాను. నాకు కదలిక వచ్చింది, క్రిస్టినాకు రాలేదు అనుకుంటే మాత్రం గొంతు పట్టేస్తుంది.

ఇక్కడికి చదువుకు వచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ట్రామ్ పట్టాలను ఏటవాలుగా దాటకండి. నేరుగా అడ్డంగా దాటండి. వానైతే దిగి నడిపించుకెళ్లండి.

మొన్న చేతికర్రతో ఆ ట్రాక్ గేటు దాకా నడిచి, కాసేపు నిలబడి వచ్చాను. డిసెంబరులో మొక్కు తీర్చడానికి బెజవాడ వెళ్తున్నాం. కొండ మెట్లు ఎక్కొచ్చో లేదో ఫిజియో ఆవిడను అడగాలి.