తెరకు అందని వేగం
బ్యాడ్మింటన్‌ను తొలిసారి కోర్టు పక్కనే కూర్చుని చూశాక, ఇన్నేళ్లుగా టీవీలో నేను చూసింది ఆ ఆటలో సగమేనని అర్థమైంది. కోర్టు వెనుక ఎత్తున అమర్చిన కెమెరాలో దూరాలన్నీ కుదించుకుపోయి కనిపిస్తాయి కనుక, స్మాష్ కొట్టిన షటిల్ ఎంత ఉధృతంగా దూసుకొస్తుందో, నెట్ అంచును రాసుకుంటూ అవతలికి ఎలా జారుతుందో తెరపై పూర్తిగా తెలియదు. నెట్ పక్కనుంచి తీసే దృశ్యాలను రీప్లేలకే పరిమితం చేయకూడదని నా గట్టి అభిప్రాయం. టెన్నిస్ ఈ విషయంలో ముందే మేలుకుంది. తెరపై స్పష్టంగా కనిపించాలనే 1972లో పసుపు బంతిని నిబంధనల్లో చేర్చారు. టేబుల్ టెన్నిస్‌లో 2000లో బంతి వ్యాసాన్ని 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెంచారు. స్క్వాష్‌లో గాజు గోడల కోర్టులు, తెల్ల బంతులు వచ్చినా, అంత చిన్న బంతిని తెరపై వెంబడించడం నా కళ్లకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.