16 మాటల కవితను క్లాసులో ఎలా చదవాలి

ఇంగ్లీషు చిన్న కవితను మన క్లాసుల్లో ముంచేది సమ్మరీ. ఎనిమిది పాదాల కవితకు గైడులో పదిహేను వాక్యాల సారాంశం ఉంటుంది. పిల్లలు ఆ పదిహేనూ బట్టీ పడతారు, ఎనిమిదీ చదవరు. సారాంశం చెప్పేశాక చిన్న కవితలో మిగిలేది ఏమీ ఉండదు. అందుకే మొదటి పావుగంట అర్థం జోలికి పోవద్దు.

చిన్న కవిత బలమంతా పాదం విరిచిన చోట ఉంటుంది. విలియం కార్లోస్ విలియమ్స్ 1923లో అచ్చువేసిన ఎర్ర చక్రంబండి కవితనే ('ది రెడ్ వీల్‌బారో') తీసుకోండి. మొత్తం 16 మాటలు, నాలుగు జంటలు. ప్రతి జంటలో పై పాదానికి మూడు మాటలు, కింది పాదానికి ఒక్కటే. 'వీల్‌బారో'ను చీల్చి 'వీల్' పైన, 'బారో' కింద పెట్టాడు. 'రెయిన్‌వాటర్'నూ అట్లనే చీల్చాడు. ముందు దీన్ని బోర్డు మీద ఒకే వాక్యంగా రాయండి. కిరాణా చీటీలో ఒక వరుసలా కనిపిస్తుంది. పక్కనే అసలు రూపం రాసి, పాదం చివర ఒక్క క్షణం ఆగుతూ చదివించండి. తేడా పిల్లలే చెబుతారు, టీచరు ముందుగా నోరు తెరవకుంటే.

చదివించడంలోనే అసలు తంటా. మన పద్యానికి లెక్క గురులఘువులు, ఇంగ్లీషు పద్యానికి ఊనిక (స్ట్రెస్). మన పిల్లలు ప్రతి అక్షరాన్నీ సమానంగా నొక్కి పలుకుతారు, పైగా హల్లు చివర ఒక ఉకారం తగిలిస్తారు. టెన్నిసన్ 1851లో అచ్చయిన డేగ కవిత ఆరు పాదాలే. మొదటి పాదం 'హి క్లాస్ప్స్ ద క్రాగ్ విత్ క్రుకెడ్ హ్యాండ్స్'. ఎనిమిది సిలబుల్స్, నాలుగు ఊనికలు: క్లాస్ప్స్, క్రాగ్, క్రుక్, హ్యాండ్స్. ఆ నాలుగింటికే చప్పట్లు కొట్టించండి, 'హి', 'ద', 'విత్' మెల్లగా జారిపోవాలి. 'క్లాస్పుసు, క్రాగు' అని పలికితే సిలబుల్స్ పెరిగి తాళం తప్పుతుంది. మూడు 'క' శబ్దాలు వరుసగా తగిలినప్పుడే రాయిని పట్టుకున్న గోళ్లు వినిపిస్తాయి. ఇది వివరించి చెప్పే విషయం కాదు, నోటికి రావాలి.

డిగ్రీ పిల్లలకైతే గ్వెండొలిన్ బ్రూక్స్ 1959 నాటి 'వి రియల్ కూల్' ఇవ్వండి. 8 పాదాలు, 24 మాటలు. మొదటి ఏడు పాదాలూ 'వి' (మేము) అనే మాటతోనే ముగుస్తాయి, ఎనిమిదో పాదం చివర ఆ 'వి' లేదు. బడి మానేసి తిరిగే పోరగాళ్లు అక్కడితో అయిపోయారు. దానికి సమ్మరీ ఎట్లా రాస్తారు చెప్పండి?

ఇక రాయించడం. ప్రాస పెట్టమని మాత్రం చెప్పొద్దు. మన ప్రాస పాదంలో రెండో అక్షరం మీద, వాళ్లది పాదం చివర. కొత్తగా రాసేవాళ్లు చివరి మాట కోసం వెతుకుతూ చెప్పాలనుకున్నది వదిలేస్తారు. 'నైట్' వచ్చిందంటే వెనకే 'బ్రైట్' వస్తుంది, ఆ మాటకు అక్కడ పనేమీ ఉండదు. ముందు చూసింది రాయమనండి. ఫిబ్రవరి, మార్చిలో వరంగల్ ఎనుమాముల మిర్చి యార్డు మీద రాయమంటే సాధారణంగా ఇట్లాంటిది వస్తుంది: 'ది మిర్చి ఈజ్ వెరీ రెడ్ అండ్ బ్యూటిఫుల్. ది మార్కెట్ ఈజ్ ఫుల్ ఆఫ్ మిర్చి అండ్ ఎవ్రీబడీ ఈజ్ స్నీజింగ్.' 17 మాటలు. ఇందులో 'వెరీ', 'బ్యూటిఫుల్' ముందు కొట్టేయాలి. మిర్చి ఎరుపని వరంగల్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు, అదీ పోతుంది. మిగిలేది తుమ్మే. మిర్చి అన్న మాటను పైకి తీసి శీర్షిక చేసి, ఆ తుమ్ము ఎప్పుడు వచ్చిందో కలపండి:

మిర్చి

బిఫోర్ ది ప్రైస్
ఈజ్ కాల్డ్
ది హోల్ యార్డ్
స్నీజెస్

కవితలో 9 మాటలు. 'స్నీజెస్' ఒంటరిగా ఉంది కాబట్టి దాని ముందు గాలి పీల్చుకునేంత ఖాళీ వచ్చింది. అదే మాటను మూడో పాదంలో కలిపేస్తే తుమ్ము ఆగిపోతుంది.

శీర్షికకు ఇట్లా పని అప్పజెప్పడం ఎజ్రా పౌండ్ దగ్గర నేర్చుకోవచ్చు. 1913 నాటి ఆయన రెండు పాదాల కవిత 'ఇన్ ఎ స్టేషన్ ఆఫ్ ద మెట్రో'లో స్టేషన్ పేరెత్తేది శీర్షిక ఒక్కటే. 14 మాటల్లో ఒక్క క్రియ కూడా లేదు. మొదట 30 పాదాలు రాసి పారేశానని, ఆర్నెల్లకు అందులో సగం నిడివిది రాశానని, ఏడాది తర్వాత ఈ రెండు పాదాలు వచ్చాయని ఆయనే చెప్పుకున్నాడు. కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఇదే పని చేయించవచ్చు: చోటు శీర్షికలో, చూసింది పాదాల్లో.

కోత ఎక్కువైనా చెడుతుంది. 'మిర్చి, యార్డ్, తుమ్ము' అని మూడు నామవాచకాలు వరుసగా పెడితే కవిత అయిపోయిందనుకుంటారు. ఎవరు, ఎప్పుడు అన్నదాంట్లో కనీసం ఒకటి ఉండాలి. పై కవితలో 'బిఫోర్ ది ప్రైస్ ఈజ్ కాల్డ్' తీసేసి చదవండి, ఉత్త జలుబు మిగులుతుంది. రైతు ధర కోసం ఎదురుచూడటం ఆ ఐదు మాటల్లోనే ఉంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు పాదానికి ఐదారు మాటలు దాటనివ్వకండి. చిన్న తెర మీద పొడుగు పాదాన్ని ఫోనే తనకు తోచిన చోట విరుస్తుంది.