నత్తగుల్ల గట్టిపడేదాకా: నా అనుభవం

మేముండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో. మా పాప క్లాసులో రెండు ఆఫ్రికన్ రాక్షస నత్తలున్నాయి. వేసవి సెలవుల్లో వాటిని ఎవరు చూసుకుంటారని టీచర్ అడగ్గానే, నన్ను అడక్కుండానే మా పాప చెయ్యెత్తేసింది. తీరా ఇంటికొచ్చాక చూస్తే ఒకదాని గుల్ల మొన దగ్గర గోధుమరంగు పొర లేచిపోయి తెల్లబడి ఉంది. రెండోదాని అంచు వేలు తగిలితే ఉల్లిపొరలా వంగుతోంది. పరాయి సొత్తు కదా, నాకు టెన్షన్ మొదలైంది.

చదివితే తేలిందేమిటంటే, గుల్ల దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. కొత్త గుల్ల మూతి అంచు దగ్గరే పెరుగుతుంది. మొన మీద ఒకసారి పోయిన పొర మళ్ళీ రాదు. కొబ్బరినూనె రాస్తే మెరుపు రావచ్చేమో గానీ, ఒరిగేదేమీ లేదు. కాబట్టి పాతదాని సంగతి వదిలేసి, రాబోయే అంచు మీదే దృష్టి పెట్టాను.

ముందు కాల్షియం. చిలకల పంజరాల్లో పెట్టే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి పెంకు) ఒకటి కొని నత్తలుండే డబ్బాలో పడేశాను. గుడ్డు పెంకుల్ని కడిగి, లోపలి పొర తీసి, ఓవెన్‌లో ఎండబెట్టి మిక్సీలో మెత్తగా పట్టి కూరగాయ ముక్కల మీద చల్లాను. నత్త నాలుక మీద వేలకొద్దీ సన్నని పళ్ళుంటాయి. రాత్రి లైటు ఆర్పాక అది కటిల్‌బోన్‌ను గీకే చప్పుడు గదిలో స్పష్టంగా వినిపించేది. కాల్షియం చాలకపోతే అదే నాలుకతో పక్కదాని గుల్లనే గీకేస్తాయట. ఆ తెల్లమచ్చ అలా వచ్చిందేనని నా అనుమానం.

ఫోన్‌లో చెబితే అమ్మ, "మేమిక్కడ పెరట్లో ఉప్పు చల్లి చంపుతుంటే నువ్వు వాటికి కీరదోసకాయ తరిగి పెడుతున్నావా! సరే, కాల్షియమే కావాలంటే కాస్త సున్నం పెట్టవే" అంది. తాంబూలం సున్నానికి మన నోరే పొక్కుతుంది, ఒళ్ళంతా తడి చర్మమున్న నత్త గతేం కాను? అమ్మ కోపంలోనూ న్యాయముంది. 1847లో విలియం బెన్సన్ అనే ఆయన కలకత్తాలో వదిలిన ఈ నత్తలే తర్వాత మన తోటలకు చీడయ్యాయి.

డబ్బాలో ఉన్న పీట్ మట్టికి ఆమ్లగుణం ఎక్కువ, అది గుల్లను తినేస్తుంది. దాన్ని పారబోసి, కోకోపీట్‌లో (అంటే కొబ్బరిపీచు పొడిలో) సున్నపురాయి పొడి కలిపి (ఇది తాంబూలం సున్నంలా పొక్కించేది కాదు), నత్త పూర్తిగా దూరి పడుకునేంత మందంగా పరిచాను. రాళ్ళు, పింగాణీ గిన్నె తీసేశాను. నత్తలు డబ్బా మూతకు అతుక్కుని తలకిందులుగా తిరుగుతాయి. పట్టు జారి రాయి మీద పడితే గుల్ల పగులుతుంది. ఎత్తాలన్నా గుల్ల పట్టుకుని లాగకూడదు. చెయ్యి తడుపుకుని, ముందువైపు నుంచి పాదం కిందికి వేలు మెల్లగా జరిపితే అదే ఎక్కేస్తుంది. తర్వాత సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి.

తిండి సంగతికొస్తే, కీర, లెట్యూస్‌లలో నీళ్ళు తప్ప పెద్దగా ఏమీ లేదు. చిలగడదుంప, క్యారెట్, గుమ్మడి పెట్టాను. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి అది మానేశాను. అప్పుడప్పుడూ చేపల మేత చిటికెడు. ఉప్పు తగిలిందేదీ దగ్గరికి రానివ్వలేదు.

అసలు చిరాకు గుడ్లతో. ప్రతి నత్తా ఆడా మగా కూడా కావడంతో ఒక్కో విడతకు వంద దాటి పెడతాయి. వాటిని కవరులో కట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించాకే చెత్తలో వేయాలి. ఇక్కడ పెంచుకోవచ్చు గానీ, బయట వదలడం ఇక్కడి 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అమెరికాలో అయితే పర్మిట్ లేకుండా పెంచడానికే వీల్లేదు. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు తనకూ కావాలంటే అదే చెప్పాను.

సెలవులు అయ్యేసరికి రెండింటికీ మూతి దగ్గర ముదురు గోధుమరంగు పట్టీ వచ్చింది. పాత గుల్లా కొత్త గుల్లా కలిసే చోట గీత గోటికి తగులుతుంది. మొన తెల్లగానే ఉంది. టీచర్ చూసి, మీ దగ్గరే ఉంచుకోండి అంది. ఇప్పటికీ ఎదిగే రోజుల్లో కొత్త అంచు మొదట మెత్తగానే వస్తుంది, అది జబ్బు కాదు. అది గట్టిపడేదాకా వాటిని ఎత్తను, డబ్బా కడగడం కూడా వాయిదా వేస్తాను.