కాలింది మీటర్ కాదు

మా పడవ ఇంజిన్ మీటర్ పని నిన్న సాయంత్రమే అయిపోయింది. కోపం చల్లారకముందే రాస్తున్నా.

మాది ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డు. బాపుకు చేపల పడవ ఉంది, దానికి పాత 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ (పడవ వెనక తగిలించేది). 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజుల్లో మా వాడకట్టు ముసలివాళ్లను గట్టుకు చేర్చింది ఈ ఇంజినే. పాత సామాన్లకు వేద్దామంటే బాపు ఊరుకోడు.

నెల కింద ఆర్‌పీఎం మీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు సున్నా దగ్గర పడుకుంది, ఇంజిన్ మాత్రం బాగానే నడుస్తోంది. నడుస్తుంటే మీటరెందుకు అని చాలామంది అడిగారు. ఫుల్ రేస్‌లో రావాల్సిన ఆర్‌పీఎం రావట్లేదంటే ఒక సిలిండర్ సరిగా కొట్టట్లేదనో, ప్రొపెల్లర్ దెబ్బతిన్నదనో ముందే తెలుస్తుంది. ఏటికి ఎదురు పోతూ నడి నీళ్లలో తెలిస్తే ఏం లాభం?

ఫ్యూజు చూశాం, వైర్లు చూశాం, ఎర్త్ బోల్టు గీకి మళ్లీ బిగించాం. ఏం తేడా రాలేదు.

మీటర్ ఊడదీసుకుని బాపూ నేనూ హైదరాబాద్‌లో ఒక షాపుకు పోయాం. కౌంటర్ దగ్గరున్నాయన దాని వెనక రెండు బోల్టులకు 12 వోల్టుల బ్యాటరీ వైర్లు తగిలించాడు. ముల్లు ఒక్కసారి వణికి సున్నా మీద ఆగింది. "అయిపోయింది, కాల్చేసిండ్రు. ప్లస్ ఏదో మైనస్ ఏదో తెల్వకుండ చేతులెందుకు పెడ్తరు?" అన్నాడు, షాపులో ఆరేడుగురు వింటుండగా. బాపు మెల్లగా "మేం ఏం జెయ్యలే సార్" అన్నాడు. "చేపలు పట్టెటోళ్లకు మీటరెందుకయ్యా, చెవితోని ఇనాలె గని!" నలభై ఏళ్లు ఏటి మీద బతికిన మనిషి ఆ మాట పడి, అంగీ లోపలి జేబులోంచి 3,200 తీసి ఒక్కో నోటూ లెక్కపెట్టి ఇచ్చాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా, ఒక్క మాట అనలేకపోయా. తిరుగు బస్సులో హన్మకొండ వచ్చేదాకా బాపు కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు.

ఆ పరీక్షతో ఏం తేలుతుందో ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నా. ఏమీ తేలదు. ఈ మీటర్‌కు మూడు వైర్లు కావాలి. ఒకటి 12 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. మా ఇంజిన్‌లో సిగ్నల్ వైరు బూడిద రంగు, యమహా వాటిలో ఆకుపచ్చ. ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కింద బ్యాటరీ చార్జింగ్ కాయిల్ ఉంటుంది కదా, అందులో పుట్టే పల్సులను లెక్కపెట్టే మీటర్ ఆర్‌పీఎం చూపిస్తుంది. సిగ్నల్ ఇవ్వకుండా ఒట్టి బ్యాటరీ తగిలిస్తే మంచి మీటర్ ముల్లు కూడా సున్నా మీదే ఉంటుంది. ఇది తెలియనోడు కౌంటర్‌లో కూర్చుని మా బాపుకు ప్లస్ మైనస్ నేర్పాడు.

కొత్త మీటర్ బిగిస్తే అదీ సున్నానే. ఫోన్ చేస్తే "ఇది గూడ కాల్చిండ్రా" అని పెట్టేశాడు. ఇక ఎవరినీ అడగొద్దని మల్టీమీటర్ కొనుక్కొచ్చా.

ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు నింపి, ఇంజిన్ నీళ్లు పీల్చుకునే చిల్లులు మునిగేలా దించి స్టార్ట్ చేశా (నీళ్లు లేకుండా మాత్రం ఎప్పుడూ తిప్పకండి, పంపులో రబ్బరు రెక్కలు నిమిషాల్లో పోతాయి). బ్యాటరీ మీద ఇంజిన్ ఆపితే 12.4 వోల్టులు, రేస్ ఇచ్చినా 12.4. చార్జింగ్ బాగుంటే 13.5 దాటాలి. అంటే చార్జింగే లేదు. కాయిల్ కరెంటును బ్యాటరీకి ఎక్కేలా మార్చే రెక్టిఫైయర్ వైర్లన్నీ విప్పి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి చూశా. ఒక్కో డయోడ్ ఒకవైపే రీడింగ్ ఇవ్వాలి, ప్రోబులు తిరగేస్తే ఇవ్వకూడదు. మా దాంట్లో ఒకటి రెండు వైపులా కుయ్యిమని మోగింది.

అప్పుడు మా తమ్ముడు నోరు విప్పాడు. ఒక రాత్రి టార్చి వెలుగులో బ్యాటరీ క్లిప్పులు తారుమారుగా పెడితే టప్పుమని మెరిసిందట, భయపడి ఎవరికీ చెప్పలేదట. ప్లస్ మైనస్ మారిన మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ కాలింది రెక్టిఫైయర్. మీటర్, చార్జింగ్ రెండూ ఒకేసారి ఆగితే ముందు దాన్నే చూడండి, మీటర్ మీద పైసా పెట్టకండి.

రెక్టిఫైయర్ కాకినాడ నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చింది, గంటలో బిగించా. ముల్లు లేచింది. కానీ ఐడిల్‌లో 800 ఉండాల్సింది 1200 చూపిస్తోంది! మళ్లీ టెన్షన్. పాత మీటర్ పక్కన పెట్టి రెండింటి వెనకా చూశా. చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే సెలెక్టర్ ఉంది, పాతదాంట్లో 6 మీద, కొత్తదాంట్లో 4 మీద. మాది 12 పోల్స్ (ఫ్లైవీల్ అయస్కాంత ధ్రువాలు) ఇంజిన్, చుట్టుకు 6 పల్సులు వస్తాయి. 4 మీద పెడితే ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. ఇది కూడా అమ్మినాయన చెప్పలేదు. తాళం ఆపి 6కు తిప్పాక 800 దగ్గర కుదురుగా నిలబడింది.

తర్వాత ఆ 'కాలిపోయిన' పాత మీటర్‌నే మళ్లీ బిగించి నిన్న ఏట్లోకి దిగాం. ఎండకు అద్దం పసుపుపచ్చగా మారింది, అయినా ముల్లు స్పష్టంగా కనిపిస్తోంది. రేస్ పెంచుతుంటే 2000, 3000 దాటి 5000 దగ్గర ఆగింది. బాపు వంగి అద్దాన్ని కండువాతో తుడిచాడు. "కొత్తది డబ్బల పెట్టు. ఇదే ఉండనియ్యి" అన్నాడు.