తప్పు నాణెం పట్టుకుని విశాఖకి

ఏలూరులో రత్నాచల్ ఎక్కినప్పుడు నా చొక్కా జేబులో మూడు నాణేలున్నాయి. ఒక అయిదు, ఒక రెండు, ఒక రూపాయి. బజారులో ఖర్చు పెడితే ఎనిమిది రూపాయలు. నేను వాటికి పెట్టిన ఖర్చంతా రాస్తే మా ఆవిడ చదివే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్కదాని సంగతే చెప్తాను. అయిదు రూపాయల బిళ్ళని ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 1800కి కొన్నాను. ‘బ్రాకేజ్ ఎర్రర్ సార్, ఇంకో పార్టీ కూడా అడుగుతోంది’ అన్నాడాయన. ఇంకో పార్టీ అనేసరికి నా చెయ్యి ఆగలేదు.

టంకశాలలో పొరపాటున తప్పుగా అచ్చయి, తనిఖీలో దొరక్కుండా బయటికొచ్చిన నాణేలని ఎర్రర్ కాయిన్స్ అంటారు. నాకీ పిచ్చి పట్టి రెండేళ్ళయింది. పిచ్చి పట్టినవాడికి మొదట కావలసింది చెప్పేవాడు. విశాఖలో మా తోడల్లుడికి పెదనాన్న వరస అయ్యే ఒకాయన నలభై ఏళ్ళుగా ఇవి పోగుచేస్తున్నారని తెలిసి, ఫోన్ చేశాను. ‘ఫొటోలు పంపకు, నాణెం పట్టుకురా’ అని పెట్టేశారు.

కొవ్వూరు దాటి రైలు గోదావరి మీదికి రాగానే కిటికీల దగ్గర హడావుడి మొదలైంది. ఎదుటి సీటు పెద్దావిడ కొంగుముడి విప్పి రూపాయి తీసి, కళ్ళకద్దుకుని నీళ్ళలోకి విసిరేసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ బిళ్ళ అంచు ఎలా ఉందో చూడనేలేదు.

విశాఖ స్టేషన్ బయట ఆటో ఎక్కి వన్ టౌన్‌కి పోనిమ్మన్నాను. దిగాక చిల్లరగా రెండు పది రూపాయల బిళ్ళలు కలిపిస్తే, డ్రైవరు ఒకటి ఉంచుకుని ఇంకొకటి వెనక్కిచ్చాడు. ‘ఇది ఆడదు బాబూ, రూపాయి గుర్తు లేదు.’ గుర్తు 2011 నుంచే వస్తోందని, అంతకుముందువీ చెల్లుతాయని, మొత్తం 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పిందని వివరించాను. అతను ఓపిగ్గా అంతా విని, ‘అయితే బ్యాంకోళ్ళకే ఇచ్చియ్యండి’ అన్నాడు. నోటు ఇచ్చాను.

వన్ టౌన్‌లో దిగడానికి కారణం కురుపాం మార్కెట్. బంగారం కొట్లు వరసగా ఉండే చోటు. మిల్లీగ్రాములు తూచే కాటా కావాలంటే అంతకన్నా మంచి చోటేముంది? దారిలో రాణిబొమ్మ దగ్గర కాసేపు ఆగాను. విక్టోరియా మహారాణి విగ్రహమది, ఊళ్ళోవాళ్ళ నోట రాణిబొమ్మ అయిపోయింది. పాత రూపాయి మీద ఆవిడే 1862లో ‘క్వీన్’, 1877 నుంచి ‘ఎంప్రెస్’. ఇక్కడ మాత్రం వట్టి రాణి. ఆ పేరే బావుంది.

ఒక చిన్న కొట్లో కుర్రాడు విసుక్కోకుండా మూడూ తూచిపెట్టాడు. రాగి నికెల్ కలిపిన ఆ పాత అయిదు రూపాయల బిళ్ళ 9 గ్రాములుండాలి. 8.97 చూపించింది. వాడుకలో ఆ మాత్రం అరిగిపోవడం మామూలే. రెండు రూపాయలది 4.85 ఉండాలి, 4.84 ఉంది. రూపాయి స్టీలు బిళ్ళ కూడా 4.85 ఉండాల్సింది, 4.51 వచ్చింది. దానికి ఒక పక్క నెలవంకలా కొరుకుడు ఉంది కాబట్టి తగ్గడం న్యాయమే. నా అయిదు బరువు సరిపోయిందంటే అసలుదేనని తేల్చేసుకుని, ఆ సంబరంలో అక్కడే ఒక గ్లాసు చెరుకురసం తాగాను.

పెదనాన్నగారి ఇల్లు పెదవాల్తేరులో, మేడ మీద. షిప్‌యార్డులో మెషినిస్టుగా చేసి రిటైరయ్యారు. వెళ్ళేసరికి బల్ల మీద తెల్ల గుడ్డ, పది రెట్లు పెద్దది చేసి చూపే బుల్లి భూతద్దం, చిన్న అయస్కాంతం, టేబుల్ లైటు సిద్ధంగా ఉన్నాయి. ‘ఎండబడొచ్చావ్, ముందు మజ్జిగ తాగు’ అని పెద్దమ్మగారు గ్లాసు అందించారు. ఆయన మాత్రం నా చెయ్యి వైపే చూస్తున్నారు.

నాణేన్ని నేను బొమ్మ మీద వేలు పెట్టి పట్టుకుంటే, ‘అంచులు పట్టుకో బాబూ, వేలి చెమట అచ్చులా ఉండిపోద్ది’ అన్నారు. అసలే ఈ ఊళ్ళో ఉప్పుగాలి. ఆయన నాణేలన్నీ డబ్బాల్లో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో ఉన్నాయి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్ళకి ఆకుపచ్చ జిడ్డు పట్టి నాణెం పాడవుతుందట. నావన్నీ అవే కవర్లలో ఉన్నాయి. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ముందు అయిదు రూపాయలది ఇచ్చాను. సింహాల వైపు, సింహాల మీదే, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ ‘5’ లోపలికి దిగి ఉంటుంది. 1800 పోసింది దానికే. ఆయన భూతద్దం కంటికి ఆనించి, లైటు కింద నాణేన్ని పక్కకి వంచి వంచి చూశారు. వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పారు.

‘బరువు సరిపోయింది పెదనాన్నగారూ’ అన్నాను.

‘ఎందుకు సరిపోదు? నొక్కితే బరువు పోద్దేటి?’

తర్వాత ఒక కాగితం మీద రెండు అచ్చులు, మధ్యలో బిళ్ళ గీసి చెప్పారు. టంకశాల ప్రెస్సులో బిళ్ళకి అటు ఒక అచ్చు, ఇటు ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉంగరం ఉంటాయి. ఒక్క దెబ్బకి బొమ్మా బొరుసూ అంచూ మూడూ తయారు. ఒక్కోసారి అచ్చయిన నాణెం కింద పడకుండా ఒక అచ్చుకి అంటుకుని ఉండిపోతుంది. వెనకే వచ్చిన కొత్త బిళ్ళకి ఒక వైపు అచ్చు తగులుతుంది, రెండో వైపు ఆ అంటుకున్న నాణెం తగులుతుంది. అప్పుడు రెండు వైపులా ఒకే బొమ్మ పడుతుంది. ఒక వైపు మామూలుగా ఉబ్బి ఉంటే, రెండో వైపు తిరగబడి లోపలికి దిగి ఉంటుంది. అదీ బ్రాకేజ్.

‘నీ నాణెం మీద సింహాలున్నాయా?’

‘ఉన్నాయి.’

‘సింహాలున్నాయంటే సింహాల అచ్చు తగిలిందన్నమాట. తగిలిందంటే మధ్యలో ఇంకో నాణెం లేదు. లేనప్పుడు ఈ తిరగబడ్డ అయిదు ఎక్కణ్ణించి వచ్చింది?’

నేను నోరు తెరవలేదు. ఆయనే నా తరపున వాదించారు. సింహాలు పడ్డాక అదే నాణెం మళ్ళీ ప్రెస్సులో ఇరుక్కుని, పైన ఇంకో నాణెంతో కలిసి రెండో దెబ్బ తినే అవకాశం లేకపోలేదు. కానీ అలా అయితే వెనక వైపు అచ్చు రెండోసారి తగిలి ఉంటుంది, అక్కడి బొమ్మ కొట్టొచ్చినట్టుండాలి. నా నాణెం వెనక పువ్వులు నలిగి, చదునై, మెరుస్తున్నాయి. భూతద్దంలో నేనూ చూశాను. ఎవరో ఇంకో అయిదు రూపాయల బిళ్ళని దీని మీద పెట్టి, రెండు ఇనప దవడల మధ్య నొక్కే బెంచి వైస్‌లో బిగించేశారు. పని అయిదు నిమిషాలు, ఖర్చు పది రూపాయలు.

‘మిషను తప్పు చేసినా దాని పద్ధతిలోనే చేస్తాది బాబూ. ఏ మెట్టు దగ్గర తప్పిందో చెప్పలేకపోతే అది టంకశాల తప్పు కాదు, మనిషి పని’ అన్నారు. వైస్‌లో బిగించి ఆయన జీవితంలో ఎన్ని ముక్కలు చూసి ఉంటారో. నేను ఆ 1800 మాట ఎత్తకుండానే, ‘ఎంతకి కొన్నావ్?’ అన్నారు. అయిదు వందలన్నాను.

రెండు రూపాయలది చూడటానికి అరనిమిషం పట్టలేదు. మన నాణేలని పైనా కిందా వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పితే, వెనక బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి. నాది పావువంతు పక్కకి పడుకుంది. అచ్చు బిగింపు వదులై తిరిగిపోతే ఇలా వస్తుంది. అసలుదే. కాకపోతే ఇలాంటివి మన దగ్గర తక్కువేం కాదట, పూర్తిగా తలకిందులైతేనే అడిగేవాళ్ళు ఎక్కువ.

రూపాయి దగ్గర మాత్రం ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు. నేను దీన్ని ఒక కిరాణా కొట్లో చిల్లరగా తీసుకున్నాను, పైసా ఖర్చు లేదు. సంవత్సరం కింద హైదరాబాద్ టంకశాల నక్షత్రం ఉంది. స్టీలు రేకు మీద బిళ్ళలు కత్తిరించేటప్పుడు, రేకు సరిగ్గా ముందుకి జరక్కపోతే, కత్తెర ముందటి చిల్లు మీద కొంత పడుతుంది. బిళ్ళలో నెలవంకంత ముక్క లోపిస్తుంది. కానీ ఆకురాయి పట్టి కూడా ఎవరైనా ఇలా అరగదీయొచ్చు కదా?

‘కొరికిన చోటు కాదు, దానికి సరిగ్గా ఎదుటి అంచు చూడు’ అన్నారు.

చూశాను. మిగతా చుట్టూ గట్టులా లేచి ఉన్న అంచు, అక్కడ మాత్రం కరిగిన కొవ్వొత్తిలా పలచబడి, ఒక చోట దాదాపు లేకుండా పోయింది. ముద్ర వెయ్యకముందే బిళ్ళని ఇరుకు గాడిలో దొర్లించి అంచు లేపుతారు. ఒక వైపు ముక్క లేకపోతే, అది గాడిలోకి వచ్చినప్పుడు ఎదుటి వైపుకీ ఒత్తిడి అందదు. అందుకే రెండు చోట్లా అంచు లేవదు. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. నాణెం తయారయ్యాక ఆకురాయి పట్టినవాడు కొరుకుడైతే పెట్టగలడు, ఎదుటి అంచుని ఎలా మాయం చేస్తాడు? పైగా కొరికిన చోట అక్షరాలు తెగిపోలేదు. లోహం ఖాళీ వైపు జారినట్టు సాగి ఉన్నాయి. ఇలా ముక్క లోపించిన నాణేలన్నిటిలోనూ ఎదుటి అంచు ఇంత స్పష్టంగా తెలియదని, అది కనపడలేదని నాణేన్ని పారెయ్యకూడదని కూడా చెప్పారు. నా రూపాయికి మాత్రం తెలిసింది. సంతోషంగా ‘ఎంత పలుకుతుంది?’ అంటే ఆయన మొహం చిట్లించారు. విదేశాల్లో ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు పరీక్షించి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇస్తాయి గానీ, ఇలాంటి రూపాయికి ఫీజు, పోస్టేజీలే ఎక్కువవుతాయి.

చీకటి పడేదాకా ఆయన డబ్బాలు తెరుస్తూనే ఉన్నారు. సినిమాల్లో టాస్ వేసే రెండు బొమ్మల నాణెం ఒకటి ఉంది. అది మేజిక్ సామాను. ఒకదాన్ని గిన్నెలా తొలిచి, ఇంకోదాన్ని సన్నగా తరిగి అందులో కూర్చారు. అంచు లోపలి వైపు వెంట్రుకంత గీత కనపడింది, బల్ల మీద వేస్తే ఖంగుమనలేదు. అయస్కాంతం కథ అమెరికాది. 1943లో యుద్ధానికి రాగి కావలసి వచ్చి, వాళ్ళు సెంట్లని స్టీలుతో కొట్టారు. కొన్ని మాత్రం పొరపాటున పాత కంచు బిళ్ళల మీద పడ్డాయి. వాటికి గిరాకీ ఉందని జనం స్టీలు సెంట్లకి రాగి పూత పూశారు. అయస్కాంతానికి అంటుకుంటే గుట్టు రట్టు. ఇంకొందరు ఇంకా తెలివిగా 1948 కంచు సెంటు మీద 8ని గీకి 3 చేశారు.

నాకు బాగా నచ్చింది ఇంగ్లండు వాళ్ళ 2008 నాటి 20 పెన్స్ బిళ్ళ. డిజైను మార్చి, సంవత్సరాన్ని వెనక నుంచి రాణి వైపుకి జరిపారు. ఎవరో పాత రాణి అచ్చుకి కొత్త వెనక అచ్చు జత చేశారు. రెండు వైపులా సంవత్సరం లేని నాణెం పుట్టింది. ఇలా జత తప్పినవాటిని మ్యూల్, అంటే కంచరగాడిద అంటారు.

ఇంతలో పెద్దమ్మగారు వచ్చి, మొన్న తనకొచ్చిన ఫోన్ గురించి చెప్పారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకి లక్షలిస్తామని, ముందు కొంత ఫీజు కట్టాలని అడిగారట. 2012లో మామూలుగా చలామణీకి వచ్చిన నాణెమది. పాత నాణేల పేరుతో తన పేరు వాడి ఫీజులు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ‘నేను కట్టలేదులే. ఈయన కొన్నవాటికే లెక్క లేదు, ఇంకా కట్టడం కూడానా’ అని లోపలికెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే తొట్లకొండ వెళ్ళొచ్చాను. భీమిలి రోడ్డు పక్కన, సముద్రం మీదికి చూస్తున్న బౌద్ధారామం. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికిన చోటు. శాతవాహన నాణేల మీద అక్షరాలన్నీ బిళ్ళ మీద సరిగ్గా పడటమే అపురూపం. చేత్తో కొట్టిన కాలంలో బొమ్మ పక్కకి జరగడం ఎర్రర్ కాదు, మామూలు. ఒక గంట గాలికి కూర్చుని, టైమైపోతోందని పరుగున స్టేషన్‌కి వచ్చాను.

తిరుగు రైల్లో రాజమండ్రి దాటగానే పక్క సీటు పిల్లాడు, ‘అంకుల్, గోదారిలో వెయ్యడానికి ఒక రూపాయి ఇవ్వరా?’ అన్నాడు. జేబులో చిల్లర మొత్తం అరచేతిలో పోసుకున్నాను. ఒకదాన్ని పైనా కిందా పట్టుకుని తిప్పి చూశాను. నిటారుగానే ఉంది. అంచు చుట్టూ చూశాను. రెండోది తీశాను. దాని సంవత్సరం కింద చుక్కుంది, నోయిడా. మూడోదాన్ని వెలుతురు కోసం కిటికీ వైపు వంచాను.

‘అంకుల్, తొందరగా! గోదారి అయిపోతోంది!’