థైరాయిడ్ మాత్రకీ ఇసబ్‌గోల్‌కీ మధ్య నాలుగు గంటలు

మాది కావలి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, పొద్దున కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే లేచేది. ఏడేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి రక్తపరీక్షలు నాకు కొత్త కాదు, అయితే పోయిన సంవత్సరం డాక్టరు గారు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష కూడా రాశారు. మొత్తం కొలెస్ట్రాల్ 252, అందులో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 171. ఆ కాగితం చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా నాయన 52 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు, పొలం నుంచి వచ్చి మంచం మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు.

కొలెస్ట్రాల్‌కి మాత్ర మొదలుపెడదామన్నారు డాక్టరు గారు. మూడు నెలలు గడువు ఇవ్వండి సార్ అని బతిమాలుకున్నాను. సరేనని, నెయ్యి, వేపుళ్ళు తగ్గించి ఇసబ్‌గోల్ పొట్టు తాగమన్నారు. అది విరేచనం సాఫీగా అవడానికి తాగేది కదా, దీనికేం పనిచేస్తుందని అడిగాను. ఆ పొట్టు నీళ్ళలో జిగురుగా ఉబ్బుతుంది, పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, అప్పుడు కాలేయం కొత్త పైత్యరసం చేసుకోవడానికి రక్తంలో ఉన్న కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది అని ఓపిగ్గా చెప్పారు. గోధుమ పొట్టులాంటి కరగని పీచు ఈ పని చేయదట. రోజుకి 10 గ్రాములు, రెండు సార్లుగా. ఎల్‌డీఎల్ నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గొచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు.

ఆత్రం కొద్దీ మొదటిరోజే మొత్తం తాగేశాను. కడుపు ఉబ్బరం, గ్యాసు, రాత్రంతా నిద్ర లేదు. తర్వాత ఒక చెంచాతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా పెంచుకున్నాను. ఇంకోరోజు పని తొందరలో అరగ్లాసు నీళ్ళలోనే కలిపి పక్కన పెట్టి, కాసేపయ్యాక తాగబోతే ముద్దలా గొంతుకి అడ్డం పడింది, మా అమ్మాయి వీపు చరిచి నీళ్ళు పట్టింది. అప్పటినుంచి నిండు గ్లాసులో కలిపి, గట్టిపడకముందే తాగి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్ళు తాగుతాను. ఈ ఒక్క విషయంలో ఎవరూ అశ్రద్ధ చేయొద్దు.

మూడు నెలలు నెయ్యి కారం దోశ ముట్టలేదు, రొయ్యల వేపుడు వండలేదు, చేపల పులుసు మాత్రం మానలేదు. పరీక్షకి పోతే ఎల్‌డీఎల్ 176. తగ్గకపోగా పెరిగింది! ల్యాబు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఇదంతా ఉత్త పొట్టు, డబ్బులు దండగ అన్నారు మా ఆయన, నాకూ అట్టనే అనిపించింది.

డాక్టరు గారు ఆ కాగితం కింద థైరాయిడ్ రిపోర్టు కూడా చూశారు. ఒంట్లో థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ 9.4 ఉంది. అంతకుముందు 3 దగ్గర ఉండేది.

"ఈ పొట్టు ఎప్పుడు తాగుతున్నావమ్మా?"

"పొద్దున్నే సార్, థైరాయిడ్ మాత్ర వేసుకునే నీళ్ళతోనే."

అదీ సంగతి. ఆ జిగురు మాత్రని కూడా ఒంటికి సరిగా పట్టనివ్వలేదు. థైరాయిడ్ తగ్గితే కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని తీసుకోవడం మందగించి కొలెస్ట్రాల్ పెరుగుతుందట, అంటే ఒక చేత్తో తగ్గించుకుంటూ ఇంకో చేత్తో పెంచుకున్నాను. ముందే ఆయన చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. రెంటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు. ఇప్పుడు మాత్ర పొద్దున ఐదున్నరకి పరగడుపున, పొట్టు ఒకసారి పదకొండింటికి, ఇంకోసారి రాత్రి అన్నానికి ముందు.

ఇంకో మూడు నెలలకి టీఎస్‌హెచ్ 3.1, ఎల్‌డీఎల్ 152. ఆయన చెప్పినంత తగ్గింది, అబద్ధం కాదు. కానీ మా నాయన కథ తెలిసి 152తో సరిపెట్టుకోలేను కదా, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్రకి ఈసారి నేనే ఒప్పుకున్నాను. పీచు తాగుతున్నాం కదా అని డాక్టరు రాసిన మాత్ర మానుకునేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది. పోయిన నెల ఎల్‌డీఎల్ 97. పొట్టు మానలేదు.

మొన్న ఒంగోలు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, తనకీ కొలెస్ట్రాల్ వచ్చిందని, ఏ కంపెనీ పొట్టు తాగుతున్నావక్కా అని అడిగింది. దానికీ థైరాయిడ్ ఉంది. కంపెనీ సంగతి తర్వాత, ముందు నీ మాత్ర ఎన్ని గంటలకి వేసుకుంటావో చెప్పమన్నాను.